రాజతేజస్సుకు గంధకం మలాము

పూర్వం కొండల నడుమ దేవళగిరి అని ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణవిక్రముడికి తన ఒంటి మీద తనకే అపారమైన గౌరవం. తన తుమ్ము అందరి తుమ్ము లాంటిది కాదనీ, తన ఆవులింతలో సైతం ఒక రాజసం ఉందనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి రోజూ నీళ్ళు పోసి పెంచినవాడు ఆస్థాన వైద్యుడు వాగీశశాస్త్రి.

ఆ కోటలోనే మందుల కొట్టులో ఓబక్క అనే నడివయసు మనిషి పనిచేసేది. శాస్త్రి చెప్పిన దినుసులు నూరడం, కాచడం, వడకట్టడం ఆమె పని. మందుకు పేరు శాస్త్రిది, చెయ్యి ఓబక్కది. ముఖ్యంగా ఒంటికి రాసే మందుల్లో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు.

ఒక వానాకాలం రాజుగారికి వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. నాలుగు రోజుల్లో మణికట్లకు, వారం తిరిగేసరికి నడుముకు పాకింది. శాస్త్రి చూశాడు. చూడగానే అది గజ్జి అని ఆయనకు తెలిసిపోయింది. కాని రాజు ముఖం చూశాక ఆ మాట గొంతు దాటి రాలేదు.

"ప్రభూ, ఇది రోగం కాదు," అన్నాడు చేతులు జోడించి. "తమలో రాజతేజస్సు ఎక్కువై, చర్మం చీల్చుకుని వెలికి వస్తోంది. మామూలు మనుషులకు ఇది కలలో కూడా రాదు."

రాజు పొంగిపోయాడు. బంగారు రేకులూ ముత్యాలూ నూరి నేతిలో కలపమని శాస్త్రి ఓబక్కకు పురమాయించాడు.

"అయ్యా, ముత్యాలు ఇంకా పలుకులుగానే ఉన్నాయి. మెత్తగా నలగాలంటే మరో రెండు రోజులు పడుతుంది," అన్నది ఓబక్క.

"ముహూర్తం దాటిపోతుంది, ఇలా ఇయ్యి," అని శాస్త్రి గిన్నె లాక్కుపోయాడు.

నెల దాటినా దురద తగ్గకపోగా, ఆ లేపం పూసినకొద్దీ ముత్యాల పలుకులు చర్మాన్ని గీరేశాయి. రాజు మాత్రం, "తేజస్సు మండుతోంది, మండనీ!" అని పళ్ళు బిగబట్టుకుని సింహాసనం మీద కూర్చునేవాడు.

కోటలో బట్టలుతికే పెంచలయ్యకు ఈ గొడవేమీ తెలియదు. తన చేతులకు పొక్కులు లేచేసరికి, రేవులో నలుగురూ వింటుండగా, "దొరగారి బట్టల్లోంచి నాకు గజ్జి అంటుకుందిరా!" అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా రాజు చెవిన పడింది.

"రాజతేజస్సును గజ్జి అన్న ఆ నాలుకను రేపు నిండుసభలో కోసెయ్యండి," అన్నాడు రాజు.

ఈ కబురు మోసుకుని పెంచలయ్య భార్య మందుల కొట్టుకు పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలోనే కూలబడి, "అక్కా, నాలుక కోసేస్తారంట అక్కా! ఆయన చేసిన తప్పేమిటి?" అని గొల్లుమన్నది.

ఓబక్క చేతిలో కల్వం రాయి ఆగిపోయింది. అంతటి శిక్ష వేస్తారని ఆమె కలలో కూడా అనుకోలేదు. పెంచలయ్య కంటే ముందే ఆ సంగతి తెలిసిన మనిషి తాను. రాజుగారికి రాసిన మందుగిన్నె కడుగుతూ, దానికంటిన పొక్కుల చెక్కులు చూసి, ఇది గజ్జేనని ఆనాడే అనుకుంది. మనకెందుకులే అని ఊరుకుంది.

"నేను మూసుకున్న నోరు అతను తెరిచాడు," అనుకుంది. "ఇప్పుడు అతని నోరు పోతే ఆ పాపం నాది."

చెంగు బిగించి ఓబక్క కోటంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. పల్లకీ మోసే బోయీల చేతులు చూసింది. క్షౌరం చేసే కదిరప్ప చేతులు చూసింది. పట్టుశాలువా కింద ఎడతెగకుండా గోక్కుంటున్న మంత్రిగారిని దూరం నుంచే చూసింది. సగం కోట గజ్జితో గుట్టుగా బాధపడుతోందని తెలిసి ఆమె నిర్ఘాంతపోయింది.

మర్నాడు సభ తీరింది. పెంచలయ్యను తాళ్ళతో కట్టి తెచ్చారు. కత్తి పట్టుకుని తలారి పక్కనే నిలబడ్డాడు. అంతలో జనాన్ని తోసుకుంటూ ఓబక్క ముందుకు వచ్చి దండం పెట్టింది.

"ఏలినవారికి విన్నపం. మందుల కొట్టులో నూరేదాన్ని. రాజతేజస్సు ఎలా ఉంటుందో సభవారికి తెలియక ఇలాంటి అపచారాలు జరుగుతున్నాయి. శాస్త్రులుగారు ఒక్కసారి దాని లక్షణాలు చెబితే అందరూ తెలుసుకుంటారు."

రాజుకు ఆ మాట నచ్చింది. శాస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"మొదట వేళ్ళ సందుల్లో పుడుతుంది. తర్వాత మణికట్టు, మోచేయి, నడుము. సన్నని పొక్కులుగా మెరుస్తుంది. చీకటి పడ్డాక విజృంభిస్తుంది."

"ఇది రాజులకు తప్ప ఇంకెవరికీ రాదు కదండీ?"

"రానే రాదు! ఇది వచ్చినవాడు రాజే. అందులో సందేహం లేదు."

"సభవారంతా విన్నారు కదా," అన్నది ఓబక్క. గిరుక్కున తిరిగి పెంచలయ్య కట్లు పడిన చేతులు రెండూ పైకెత్తి చూపించింది. వేళ్ళ సందుల నిండా పొక్కులు. అప్పుడామె పెంచలయ్య కాళ్ళ ముందు మోకరిల్లి, "మహారాజుకు జయము జయము!" అన్నది.

సభ సభంతా కొయ్యబారిపోయింది. తలారి చేతిలో కత్తి నేలమీద పడి ఖణేలుమంది. రాజు సింహాసనం మీంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. "అక్కా, నాకొద్దక్కా, నన్నొదిలెయ్యక్కా," అని గొణిగాడు పెంచలయ్య.

ఓబక్క ఆగలేదు. "ఈ నలుగురు బోయీలూ మహారాజులే. కదిరప్ప మహారాజు. ఇక మంత్రిగారు..."

మంత్రి తెల్లబోయాడు. రాజు చూపు తన మీదికి తిరగడం చూసి ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. సింహాసనానికి పోటీదారు అన్న మాట వస్తే తల మిగలదు మరి! శాలువా విసిరేసి, రెండు చేతులూ చాచి, "నాది గజ్జి ప్రభూ! ఒట్టి గజ్జి! నెల రోజులుగా గజ్జి!" అని కేకపెట్టాడు.

"నాదీ గజ్జే!" అన్నాడు కదిరప్ప.

"మాదీ గజ్జే దొరా!" అన్నారు బోయీలు.

రాజు మెల్లగా శాస్త్రి వైపు తిరిగాడు. రాజు నోరు తెరవకముందే శాస్త్రి కుడిచెయ్యి తనకు తెలియకుండానే ఎడమ మణికట్టును గోకుతోంది.

"మరి మీదేమిటి శాస్త్రీ?"

తేజస్సు అంటే తల పోతుంది. గజ్జి అంటే ఇన్నాళ్ళూ చెప్పింది అబద్ధమవుతుంది. శాస్త్రి ముఖాన చెమట ధారలు కట్టింది. చివరికి నేల చూస్తూ, "గజ్జే, ప్రభూ," అన్నాడు.

రాజు తన చేతుల వైపు తాను చూసుకున్నాడు. "అయితే... నాది?"

ఓబక్క తలెత్తి చెప్పింది.

"ఏలినవారిది కూడా గజ్జే. మందు సరిగ్గా పడితే పోయే గజ్జి."

రాజు సింహాసనం దిగాడు. ఒక్కొక్క మెట్టూ దిగి వచ్చి, అందరూ గుడ్లప్పగించి చూస్తుండగా, ఆమె ముందు నేలమీద చతికిలబడి చేతులు చాచాడు. "చూడు," అన్నాడు నెమ్మదిగా. "వారం రోజులుగా నిద్ర లేదు."

దగ్గరగా చూసి ఓబక్క ఉలిక్కిపడింది. గీరుకుపోయి, రసి కారి, ఎర్రగా పచ్చిపుండయిన ఆ చేతులు రాజువిగా లేవు. ఎవరూ పట్టించుకోని రోగి చేతుల్లా ఉన్నాయి. ఆమెకు కోపం పోయి జాలి వేసింది.

"ముందు పెంచలయ్య కట్లు విప్పించండి ప్రభూ. తర్వాత నా మందుల సరంజామా ఇక్కడికే తెప్పించండి. అందరి ఎదుటే చేస్తాను."

సభామధ్యంలో పొయ్యి వెలిగింది. ఓబక్క సన్నని సెగ మీద నాలుగు పాళ్ళ కానుగ నూనెలో ఒక పాలు తేనెమైనం కరిగించి దింపింది. అది గోరువెచ్చగా అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఇంకా ఆలస్యమెందుకు?" అన్నాడు రాజు.

"వేడిలో వేస్తే గంధకం అడుగున రాయిలా కూర్చుంటుంది. చల్లారి చిక్కబడేటప్పుడు వెయ్యాలి."

ఆపైన పలచటి గుడ్డలో జల్లించిన గంధకం పొడిని చిటికెడు చిటికెడు వేస్తూ, ఒకే వైపు కలుపుతూ పోయింది. గోటితో తీసి మణికట్టు మీద రుద్ది చూసుకుంది. పలుకు తగల్లేదు. "ఇది మలాము. మెడ నుంచి పాదాల దాకా అందరూ రాసుకోవాలి."

"ఈ రసి కారే చోట కూడానా?"

"వద్దు ప్రభూ. తడి మీద జిడ్డు నిలవదు, తడిని లోపలే మూసేస్తుంది." ఈసారి ఎర్రచందనం పొడి ఎక్కువగా, నూనె తక్కువగా వేసి గట్టి ముద్దగా నూరింది. "ఇది తడిని పీల్చుకుంటుంది."

"మరి ఈ మంట?"

ఓబక్క కంచుపళ్ళెంలో నెయ్యి వేసి చన్నీళ్ళు పోసింది. "నూరుసార్లు నీళ్ళు మార్చి అరచేత్తో కడిగితే ఈ నెయ్యి తెల్లని వెన్నలా తేలికవుతుంది, మంట చల్లారుతుంది. నా చేతులు ఖాళీగా లేవు. శాస్త్రులుగారి చేతులు ఖాళీగా ఉన్నాయి. ముందు మణికట్టుకు మలాము రాసి గుడ్డ చుట్టుకుంటే ఆయనే కడగవచ్చు."

శాస్త్రి మణికట్టుకు గుడ్డ చుట్టుకుని పళ్ళెం ముందు కూర్చుని కడగసాగాడు. అరవై మూడో అరవై నాలుగో అన్నదగ్గర లెక్క తప్పింది. "మొదటి నుంచి కానివ్వండి," అన్నాడు రాజు. అని పకపకా నవ్వాడు. నెలరోజుల తర్వాత కోటలో వినిపించిన మొదటి నవ్వు అది.

కోటలో రాజు మొదలు బోయీ దాకా ఒకే రోజున మందు రాసుకున్నారు. పెంచలయ్య అందరి బట్టలూ ఉడకబెట్టి ఉతికి ఎండేశాడు. పక్షం తిరగకుండా దురద మాయమైంది.

రాజు సభ తీర్చి, తన చేతి కంకణం తీసి ఓబక్కకు ఇచ్చాడు. మందుల కొట్టుకు ఆమెను పెద్దను చేశాడు. పెంచలయ్యకు పట్టుబట్టలు పెట్టి, ఇంకేం కావాలో కోరుకోమని ఓబక్కను అడిగాడు.

"ఈ రాజ్యంలో ఏ జబ్బునైనా దాని పేరుతోనే పిలవనివ్వండి ప్రభూ. పేరు తెలిస్తే మందు నేను చూసుకుంటాను."

"అలాగే," అన్నాడు రాజు. ఆపైన కాస్త తటపటాయించి, నడికట్టు సవరించుకున్నాడు. "పోయినేడు నా పొట్ట ముందుకు వస్తే, అది ఐశ్వర్యమండలం అని శాస్త్రి చెప్పాడు. నువ్వేమంటావు?"

శాస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఓబక్క ఒక అడుగు ముందుకు వేసి, తల ఒకవైపు వాల్చి, పరీక్షగా చూసింది.

"బొజ్జ ప్రభూ."

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా, రాజే నవ్వాడు.