వదలని దవడలు

పిల్లలూ, సూటిగా అడుగుతున్నాను: కదలకుండా ఉన్నవాళ్లంతా సోమరులేనా? తొందరపడి చేతులెత్తకండి. ముందు కథ వినండి.

అనగనగా ఒక అడవిలో, మామిడిచెట్టు మీద ఎర్రచీమలు మూడు కొత్త గూళ్లు కడుతున్నాయి. కొన్ని చీమలు ఆకుల అంచులను దగ్గరకు లాగి దవడలతో బిగపట్టేవి. మిగతావి పసిచీమల నోట ఊరే పట్టుదారంతో కుట్టేవి. దారం ఆరేదాకా పట్టు వదలకూడదు. అది వాటి కట్టుబాటు. ఒక్కో గూటికి దారి, ఆకులు కలిసే ఒక్కో అతుకే. ఆ అతుకుల మీదుగానే కబురుచీమలు గూళ్లకు కబుర్లు మోసేవి.

మూడో అతుకును పొట్టెమ్మ అనే చిన్న చీమ పట్టుకుంది. అవతలి గూట్లో దాని చెల్లెళ్లున్నాయి. ఇంకా నడక కూడా రాని పసికందులు.

కబురుచీమల పెద్ద రివ్వక్కకు ఒళ్లు మండింది. "పొద్దున్నుంచీ ఆకు కరుచుకుని కూర్చోవడమేనా? మా కాళ్లు అరిగిపోతున్నాయి! పదండి, మీరూ కబుర్లు మోయండి!"

మొదటి అతుకు చీమలు వదిలేశాయి. ఏమీ కాలేదు. రెండోవీ వదిలేశాయి. ఏమీ కాలేదు.

రివ్వక్క పొట్టెమ్మ వైపు తిరిగింది. "చూశావా? నీకేంటే, చెవుడా?"

"దారం ఇంకా పచ్చిగానే ఉందక్కా," దవడలు విప్పకుండానే గొణిగింది పొట్టెమ్మ.

"పిరికిదానా!"

"అవునక్కా, భయమే. అందుకే వదలను."

అంతలో గాలి లేచింది. టప్! మొదటి అతుకు ఊడింది. టప్! రెండోదీ ఊడింది. కింద బెరడు మీద గరగరమని గోళ్ల చప్పుడు. తొండ! కన్నార్పకుండా పైకి పాకుతోంది.

రివ్వక్క మొదటి గూటికి పరిగెత్తింది. దారి లేదు. రెండో గూటికి పరిగెత్తింది. దారి లేదు. అరిచింది. ఆకుల హోరులో ఎవరికి వినబడుతుంది?

మూడో అతుకు ఊగిపోతోంది. పొట్టెమ్మ ఒళ్లు తెగేలా సాగింది. "నా వీపు మీంచి వెళ్లక్కా!"

కబురు దాటింది. ఆ గూటి చీమలు పసివాళ్లను ఎత్తుకుని పారిపోయాయి. మిగతా రెండు గూళ్లలో ఒక్క ప్రాణమూ మిగల్లేదు.

తొండ పోయింది. రివ్వక్క వచ్చి, పొట్టెమ్మ పక్కన ఆకంచు కరిచి పట్టుకుంది.

పిల్లలూ, ఎదుగుతున్న మీ మెదడులోనూ ఇలాంటి అతుకులే కోట్లున్నాయి. ఒక నాడీకణం కబురు ఇంకో కణానికి అక్కడే దాటుతుంది. కొన్ని ప్రోటీన్లు ఏ కబురూ మోయవు. పరంజాలా నిలబడి, ఆ లేత అతుకు చెదరకుండా పట్టుకుంటాయి. అవి పట్టు తప్పితే అతుకూ చెదురుతుంది, కబురూ ఆగుతుంది.

నీతి: పరుగెత్తేవాళ్ల దారి, కదలకుండా పట్టుకున్నవాళ్ల చలవే. ఇవాళే అలాంటి ఒకరిని వెతకండి, వెళ్లి వాళ్ల పక్కన ఒక చెయ్యి వేయండి.