చుక్క కారని రేడియేటరు

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఉంటే నా ముప్పై రెండు పళ్ళూ రాలిపోవాలి. అవి రాలిపోయి ఇరవై ఏళ్ళయిందని గిట్టనివాళ్ళు అంటారు. అయినా ఒట్టు ఒట్టే. కొండల మీది జీపులన్నీ ఘాటీ దిగి ఆగే మలుపులో నూకయ్య మేస్త్రి షెడ్డు, దాన్ని ఆనుకుని నా టీకొట్టు. ఆ షెడ్డులో చీమ తుమ్మినా నాకు వినబడుతుంది. జరిగింది వాళ్ళది, ఉప్పూ కారం మాత్రం నావి.

నూకయ్య మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు, చేతికి పానా అందిస్తాడు. ఆయన నోట్లోంచి మాట రాలాలంటే ఏడాదికి రెండు వానాకాలాలు రావాలి. ఆయన శిష్యుడు దేముళ్ళు పదేళ్ళుగా ఆ పానాలే జవాబులనుకుని పని నేర్చుకున్నవాడు. ముప్పై దాటాయి. నెమ్మదైన మనిషి.

ఆ ఏడు ఆషాఢంలో దేముళ్ళుకి ఆడపిల్ల పుట్టి, తొమ్మిదో రోజున పోయింది. భార్య సన్యాసమ్మ ఏడ్చిన ఏడుపుకి ఊళ్ళో బావులన్నీ ఒక మట్టు పైకి లేచాయి. దేముళ్ళు అది చూడలేకపోయాడు. ఆమె కన్ను తడిస్తే చాలు, "ఊరుకో" అనేవాడు. చీర తెచ్చాడు. సినిమాకి తీసుకెళ్ళాడు. పిల్ల గుడ్డలు మూటగట్టి ఎవరికో ఇచ్చేశాడు. ఆ ఊసెత్తబోయిన ఆడవాళ్ళని గుమ్మంలోంచే పంపేశాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? వెళ్ళినప్పుడల్లా "ఊరుకోవే తల్లీ, మళ్ళీ పుడతారు" అని చెప్పి వచ్చినదాన్నే.

దసరా వెళ్ళిన వారంలో ఒక ఉదయం దేముళ్ళు అడిగాడు. "మేస్త్రీ, మా ఇంట్లో ఆవిడ ఏడవడం మానేసి నలభై రోజులైంది. వండుతాది, వడ్డిస్తాది, ఏటని అడిగితే బాగానే ఉన్నానంటాది. మానిపోయినట్టే గదా?"

మేస్త్రి పానాలు తుడుచుకుంటూనే ఉన్నాడు.

దేముళ్ళు గొంతు తగ్గించాడు. "నిన్న పొయ్యి మీది గిన్నెని ఒట్టి చేతుల్తో దించింది. చర్మం కాలింది. కాలిందని దానికే తెలీలేదు మేస్త్రీ. నాకు భయమేస్తంది."

నేను గ్లాసు తోముతున్న చేయి ఆపేశాను. మేస్త్రి నోరు విప్పుతాడేమోనని చూశాను. ఇంతలో ఘాటీ మీంచి ముందు ఆవిరి దిగింది, ఆవిరి వెనక బొజ్జన్న జీపు దిగింది, జీపు వెనక అందులో ఎక్కాల్సిన నలభై మందీ నడుచుకుంటూ దిగారు. బొజ్జన్న కొండ ఊళ్ళ జనాన్ని సంతకి దింపే మనిషి. జీపు ముందు ఐదు నిమ్మకాయలూ పది మిరపకాయలూ వేలాడుతున్నాయి.

"ఇంజను కుతకుత ఉడికిపోతంది మేస్త్రీ," అన్నాడు. "ఎవడిదో దిష్టి."

"రేడియేటరు చూశావేటి?" అన్నాడు దేముళ్ళు.

"దాని జోలికెళ్ళకు, అది బంగారం! కిందటేడు కారింది, పసుపు పోసీసాను, ఆగింది. మళ్ళీ కారింది, కొట్లో లీకు మందు సీసా కొని పోసీసాను, ఆగింది. కారితే సీసా, కారితే సీసా. ఇప్పుడు దాంట్లోంచి ఒక్క చుక్క రాల్తే నా మీసం గొరిగించుకుంటాను."

"ఇంజను చల్లారాలి నాయనా, నీ మీసం ఎవడిక్కావాలి?" అన్నాను నేను.

మేస్త్రి దేముళ్ళు చేతికి పానా ఇచ్చాడు.

ఇంజను చల్లబడ్డాక దేముళ్ళు రేడియేటరు విప్పి కిందికి దించాడు. ఎక్కడా తడి మచ్చ లేదు. దాన్ని నిలబెట్టి పై మూతిలోంచి నీళ్ళు పొయ్యమని మేస్త్రి సైగ చేశాడు. పైన పోసిన నీళ్ళు సన్న గొట్టాల్లోంచి దిగి, కింది మూతిలోంచి దబదబా దూకాలి. చెంబుడు పొయ్యకముందే పైన నిండి పొర్లింది. కింద మాత్రం దారప్పోగంత ధార. ఆ ధారతో బకెట్టు నిండాలంటే నా మనవరాలికి మనవడు పుట్టాలి.

"చూశావా, పక్కలకి బొట్టు కారదు!" అన్నాడు బొజ్జన్న గర్వంగా.

మేస్త్రి గ్యాసు మంటతో అతుకు కరిగించి, రేడియేటరు పైనుండే నీళ్ళ తొట్టిని ఊడదీశాడు. లోపల గొట్టాల నోళ్ళు కనబడాలి. కనబడలేదు. పసుపూ మందూ తుప్పూ కలిసి ముద్దకట్టి, నోళ్ళన్నిటినీ పూడ్చేశాయి. తెరిచి ఉన్నవి నాలుగో, ఐదో. అన్ని సీసాల మందూ ఒక్క కన్నం దగ్గరే ఆగుతుందా? దొరికిన సందుల్లోకల్లా పోయి కూర్చుంది. నీళ్ళు బయటికి రావడం లేదు, నిజమే. లోపల తిరగడమూ లేదు.

దేముళ్ళు ఆ ముద్దని వేలితో గీకి చాలాసేపు చూశాడు. "ఈ మందు చెడ్డదా మేస్త్రీ?"

"మంచిదే," అన్నాడు మేస్త్రి. ఆ రోజుకి అదే ఆయన మొదటి మాట. "దారిలో ఆగిపోయినవాడు షెడ్డు దాకా రావడానికి."

ఆ పూటంతా దేముళ్ళు పలచని ఇనుప బద్ద పట్టుకుని ఒక్కో గొట్టాన్నీ పొడిచి శుభ్రం చేశాడు. తొట్టి మళ్ళీ అతికి నీళ్ళు పోశారు. ఈసారి కిందికి దబదబా దూకాయి. దాంతోపాటే పక్కలనుంచి కూడా ధారలు లేచాయి, ఏడు చోట్ల. ఇన్నేళ్ళూ డెబ్బై అని చెప్పుకుంటూ వచ్చాను గానీ, ఇవాళ ఒట్టేశాను కనక ఏడే.

బొజ్జన్న నెత్తి బాదుకున్నాడు. "బంగారంలాటిదాన్ని జల్లెడ చేసీసారు గదయ్యా!"

దేముళ్ళు కంగారుపడి అన్నిటికన్నా పెద్ద ధారని అరచేత్తో మూసేశాడు. మేస్త్రి ఆ చేతిని పట్టుకుని మెల్లగా పక్కకి తీశాడు.

"కారనీ," అన్నాడు. "ఎక్కడో తెలియాలి గదా."

ముగ్గురూ నిలబడి చూశారు. నా కొట్లో జనం కూడా లేచి వచ్చి చూశారు. నీళ్ళు వాటంతట అవే పూర్తిగా కారిపోయేదాకా మేస్త్రి దాన్ని ముట్టుకోలేదు. ధార లేచిన ప్రతిచోటా మేకుతో చిన్న గీటు మాత్రం పెట్టాడు. ఆ తరవాత ఆరబెట్టి, గీటు పెట్టిన చోటల్లా గీకి, టంకం వేశారు. పొద్దు వాలేవేళకి రేడియేటరు జీపులో కూర్చుంది. ఇంజనుని గంటసేపు ఆడించినా మరగలేదు. బొజ్జన్న మూడుసార్లు బానెట్టెత్తి చూసి, జనాన్ని ఎక్కించుకుని కొండెక్కాడు. నిమ్మకాయలు మాత్రం విప్పలేదు.

దేముళ్ళు చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ కడుక్కున్నాడు. ఇంటికి మాత్రం వెళ్ళడు. మేస్త్రి బీడీ ఆర్పి పక్కన పెట్టాడు.

"ఒరే, సన్యాసమ్మ ఆ పిల్లకి ఏం పేరు అనుకుంది?"

దేముళ్ళు తెల్లబోయి చూశాడు. తెలియదన్నట్టు తలూపాడు.

"వెళ్ళి కనుక్కుని రా."

"అడిగితే ఏడుస్తాది మేస్త్రీ."

"అయితే రేపు షెడ్డుకి రాకు, ఆవిడ పక్కనే కూచో," అన్నాడు మేస్త్రి. "వెళ్ళు, అడుగు."