ఉలిగమ్మ గుండు

ఈ కథ నాకు మా జేజి, మా నాయనను కన్న సుంకులమ్మ చెప్పింది. ఆమె చెప్పినట్టే నీకు చెప్తా తల్లీ, ఒక్క మాట అటూ ఇటూ కానీయను. పడమటింటివాళ్ళు ఇంకోరకంగా చెప్తారు. వాళ్ళింట్లో నేను మంచినీళ్ళు కూడా తాగను.

అనగా అనగా, రాళ్ళు మెండుగా నీళ్ళు కరువుగా ఉండే ఒక ఊళ్ళో బసప్ప అని ఒక వస్తాదు. ఆయనకు కూతురు ఉలిగమ్మ, కొడుకు ఈరన్న. ఇంటి వెనక సాము చేసే మట్టిగుంత. గుంతలో నున్నటి నల్లగుండు, రాతిది. ఏటా ఉగాదినాడు ఊరంతా చూస్తుండగా ఆ ఇంటివాళ్ళు గుండును రొమ్ముదాకా ఎత్తాల. ఎత్తితే ఊరి మాన్యం చేను ఆ ఏడు వాళ్ళది. లేకుంటే ఇంకో ఇంటికి పోతుంది. వాళ్ళు తినేదంతా ఆ చేని జొన్నలే.

ఒక ఉగాదికి గుండు దించేటప్పుడు బసప్ప నడుము పోయింది. మంచాన పడ్డాడు. అప్పుడు కొడుకును పిలిచి, "వచ్చే ఏడు నువ్వే ఎత్తాల. రేపటినుంచి పొద్దున్నే సాము చెయ్" అన్నాడు. ఆ తర్వాత కూతుర్ని పిలిచాడు.

"అమ్మీ, వాడు లేచేటప్పటికి గుంత తవ్వి మట్టి మెత్తగా ఉంచు. గట్టిగా ఉంటే వాడికి అదో సాకు."

ఎండాకాలం వచ్చింది. "ఉక్కకు నిద్రే లేదు" అన్నాడు ఈరన్న. వానాకాలం వచ్చింది. "బురదలో కాలు జారుతుంది" అన్నాడు. చలికాలం వచ్చింది. "నాయన రక్తం నాలో లేదా? ఆ రోజుకు గుండు దానంతటదే లేస్తుంది" అని దుప్పటి కప్పుకున్నాడు.

ఉలిగమ్మకు మాత్రం లేవాలని ఉంటుందా? ఒకనాడు విసుక్కుంది. "వాడే రాకుంటే నేనెందుకు తవ్వాల నాయనా?"

"ఒక్కనాడు వదిలితే మట్టి బిగుస్తుంది అమ్మీ. మనిషీ అంతే" అన్నాడు బసప్ప.

అప్పటినుంచి పొద్దున్నే, "ఒక్క పార వేసి పోతా" అనుకుంటూ లేచేది. ఒక్క పార వేస్తే రెండో పార దానంతటదే పడేది. గుండు కింద కూడా తవ్వాల కదా. మొదట గడ్డపారతో గుండును పక్కకు దొర్లించింది. ఆ తర్వాత చేతులతో దొర్లించింది. ఆ తర్వాత రొమ్ముకు ఎత్తుకుని అవతలి కొసన పెట్టింది. అది సాము అని ఆమెకు తెలియదు.

ఉగాది వచ్చింది. ఈరన్న నూనె రాసుకుని తొడ చరిచాడు. గుండు మోకాలిదాకా లేచింది, జారింది, వాడి కాలి మీద పడింది. ఊరంతా గుడ్లప్పగించి చూస్తా నిలబడింది. అప్పుడు ఉలిగమ్మ గుంతలోకి దిగింది. గుండును రొమ్ముకు ఎత్తుకుని అవతలి కొసన పెట్టింది. పెట్టి, అలవాటు కొద్దీ పార కోసం చెయ్యి చాచింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు తల్లీ. పెద్దలు గుసగుసలాడుకుని, "గుండు లేచింది, చేను ఆ ఇంటిదే. ఎత్తింది మాత్రం ఈరన్న అనుకుందాం. ఆడపిల్ల ఎత్తిందంటే పక్కూళ్ళు నవ్వుతాయి" అన్నారు. గుండును పసుపునీళ్ళతో కడిగారు. దాని మీద ఈరన్న పేరు చెక్కించారు. ఉలిగమ్మను గుంత తొక్కొద్దన్నారు.

గుంత తవ్వేవాళ్ళు లేరు. మట్టి బిగిసింది. కుంటి ఈరన్న అరుగు మీద కూర్చుని గుండు ఎట్లా ఎత్తాడో చెప్పుకునేవాడు. మరుసటి ఉగాదికి ఎత్తేవాళ్ళు లేక చేను పోయింది.

బసప్ప పోయేముందు, "మట్టి మెత్తగా ఉందా అమ్మీ?" అన్నాడు.

"మెత్తగానే ఉంది నాయనా" అన్నది ఉలిగమ్మ.

ఆ తర్వాత ఆమె అత్తగారింటికి పోయింది. అక్కడ పొద్దున్నే లేచి వాకిట్లో రోలును ఎత్తి ఇవతలిదాన్ని అవతల పెట్టేది. "ఎందుకే?" అని అత్త అడిగితే, "కింద ఊడ్చాల అత్తా" అనేది. ముసలిదయ్యేదాకా అట్లాగే చేసింది. ఆమే మా జేజిని కన్నతల్లి. ఆ ఈరన్న మునిమనవళ్ళే పడమటింటివాళ్ళు. ఇప్పటికీ ఆ గుండుకు దండ వేసి మీసం మెలేస్తారు.

రేపు నేను లేపితే దుప్పటి లాక్కోవద్దు. ఒక్క పార అనుకుని లెయ్. నాకు సంతకం తప్ప రాదు, నీకు అక్షరాలు వచ్చు. పెద్దదానివై ఆ ఊరు పోయి, ఆ పేరు దిద్దించు.

కథ పోయె కంచికి, మనం చేరితిమి ఇంటికి,
నిద్ర వచ్చె కంటికి, గుండు దిగె మంటికి,
ఉలిగమ్మ పేరు రాయించు తల్లీ, ఆ నల్లగుండు ఒంటికి.