ఎండవరద రేవు

ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినే ఓపిక లేని భుజంగరావు అనే సర్వేయరు, ఏర్లూ లోయలూ తప్ప దారంటూ లేని మన్యపు కొండల్లో పటం గీస్తూ ఉండేవాడు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. కొండ ఎత్తైనా, లోయ లోతైనా కొలిచిగానీ గీసేవాడు కాదు.

ఒకనాడు రెండు నిట్టనిలువు కొండల నడుమ, తెల్లని ఇసుకతో ముద్దొచ్చే ఏటి రేవు ఒకటి కనబడింది. దారి చూపే సోమిరెడ్డిని దాని పేరడిగాడు.

"ఎండవరద రేవు బాబూ."

భుజంగరావు పకపకా నవ్వాడు. "ఎండలో వరదేమిటయ్యా, నీ మొహం!"

"అది కాదు బాబూ, పై కొండల్లో గనక..."

"చాల్లే, చాల్లే! పటం చూసినవాళ్లు నవ్విపోతారు" అంటూ, తన భార్య పేరు పెట్టి 'హైమావతి రేవు' అని రాసేశాడు. సోమిరెడ్డి ఏం చేస్తాడు పాపం!

పటం అచ్చయింది. అది చూసి అందరికన్నా ఎక్కువ మురిసిపోయినవాడు తమ్ముడు నరహరి. తండ్రి పోయాక భుజంగరావు చంకనేసుకుని పెంచిన తమ్ముడు.

"వదిన పేరిట రేవా! చూసి తీరాలన్నయ్యా" అన్నాడు.

"వెళ్లిరారా, బంగారంలాంటి చోటు" అని భుజంగరావే పటం మడిచి చేతికిచ్చాడు. అయ్యో, తన చేతులతో తనే ఇచ్చాడు!

నరహరి వెళ్లిన రోజు అక్కడ ఎండ కాస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. హాయిగా స్నానానికి దిగాడు. ఎక్కడో పై కొండల్లో కురిసిన వాన నీరంతా ఆ ఇరుకు లోయలోకి ఒక్కపెట్టున వచ్చిపడింది. ఎక్కి తప్పించుకుందామంటే రెండు పక్కలా రాతిగోడలే.

కబురందుకుని భుజంగరావు పడుతూ లేస్తూ వచ్చేసరికి, దిగువన దొరికిన నరహరికి తన కండువా కప్పి సోమిరెడ్డి పక్కనే కూర్చుని ఉన్నాడు. భుజంగరావు తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని గొల్లుమన్నాడు.

"ఆ రోజే గట్టిగా చెప్పలేకపోయావా సోమిరెడ్డీ?"

"చెప్పడానికే మా పెద్దలు ఆ పేరు పెట్టారు బాబూ. మా చిన్నాయన కూడా ఇక్కడే, ఇట్లాగే పోయాడు" అని సోమిరెడ్డి కళ్లు తుడుచుకున్నాడు.

భుజంగరావు పైఅధికారుల కాళ్లావేళ్లా పడి పటంలో పాత పేరే వేయించాడు. వేయించి ఏం లాభం? ఆ ఇంట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే హైమావతి ఉలిక్కిపడి ఏడ్చేది. చివరికి ఆమెను అలా పిలవడమే మానేశారు.

నీతి: ఒక చోటికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరులో వాళ్లు పడ్డ కష్టం ఉంటుంది, అదేమిటో వినకుండా ఆ పేరు చెరిపేస్తే, ఆ కష్టం మళ్లీ ఎవరో ఒకరు పడాల్సి వస్తుంది.