కూర్మమ్మ పెట్టిన ఆరు గింజలు

దేవుడి గూట్లో దీపం కొండెక్కేలోగా ముగించాలని నియమం పెట్టుకుని మా మేనత్త చెప్పిన కథ ఇది.

వాగు పక్కన ఎర్రమట్టి దిబ్బ. దాని కింద సోమన్న అనే పందికొక్కు వేసవంతా తవ్వి ఒక ఆట కట్టాడు. లోపలంతా చిక్కుదారులు, దొంగ మలుపులు. దారి తప్పకుండా చివరి గది చేరినవాళ్ళదే గెలుపు. మర్నాడు పొద్దున్నే అడవిలోని పిల్లలంతా అందులో దిగాలి.

ఏ కొత్త ఆటనైనా ముందు తాబేలు కూర్మమ్మ ఆడి చూసి, పదికి ఇన్ని అని చింతగింజలు పెట్టడం ఆ అడవి మర్యాద. పిల్లల ఆటకి ముందురోజు పొద్దున దిగిన కూర్మమ్మ ఎండ నడినెత్తికెక్కాక బయటికొచ్చింది. దేవుణ్ణి తలుచుకుని బండమీద గింజలు పెట్టింది.

ఆరు.

"ఆరా!" అని అరిచింది నక్క.

సోమన్న అభిమానులకు నక్కే పెద్ద. దిబ్బ మట్టి నొసట ఎర్రగా పూసుకు తిరిగే దండు అది. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. దండులో ఉన్న కుందేలు కూడా అవునవునని తలూపేది.

"నాలుగెందుకు తగ్గాయో చెబుతాను నాయనా. మూడో మలుపు దగ్గర..." అని మొదలుపెట్టింది కూర్మమ్మ.

"మలుపు సంగతి తర్వాత! ముళ్ళపంది నీకెంత తేనె తాగించిందో అది చెప్పు," అంది కాకి.

"పోయినేడు అది కట్టిన ఉయ్యాలాటకి తొమ్మిది గింజలు పెట్టలేదూ?" అని అందుకుంది కప్ప.

"సోమన్నా, నువ్వైనా విను," అంది కూర్మమ్మ.

సోమన్న మొహం చిన్నబోయి ఉంది. గోళ్ళరిగేలా తవ్వినవాడికి ఆ ఆరు గింజలు కంట్లో నలుసులయ్యాయి. అతను అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనమే దండుకి సైగైంది.

దండులోని కొండముచ్చు ఒక్క తోపు తోసి కూర్మమ్మను బండమీద వెల్లకిలా పడేసింది.

"ఇంకో నాలుగు పెడతానను, లేపుతాం. లేదా ఇలాగే వేగు," అంది నక్క.

బండ పెనంలా కాలుతోంది. కూర్మమ్మ కాళ్ళు గాలిలో కొట్టుకున్నాయి. "పెట్టు! పెట్టు!" అని దండంతా చుట్టూ గంతులు. కొంతసేపటికి ఆ కాళ్ళు నెమ్మదించాయి. గొంతు సన్నగిల్లింది.

"పెట్టను నాయనా. రేపు దిగేది పిల్లలు."

అప్పుడు పడింది సోమన్న చూపు ఆమె కడుపు చిప్ప మీద. దానికి తెల్లగా సుద్ద అంటుకుని ఉంది.

దిబ్బంతా ఎర్రమట్టే. తెల్లసుద్ద ఉన్నది చివరి గది నేలమీద ఒక్కచోటే.

"బావా, చివరి గది ఎలా కుదిరింది?" అని మెల్లగా నక్కనడిగాడు.

"అబ్బో! ఎర్రగా, పెళ్ళిపందిరిలా ధగధగలాడిపోతోంది! ఊరికే పది అంటున్నామా?"

"కాకీ, నువ్వు చూశావా?"

"బావ చెప్పాడుగా!"

దూరపు కొండలు నునుపు. దండులో ఒక్కరి కాలికీ తెల్లమచ్చ లేదు.

సోమన్న ఒక్క ఉరుకున వెళ్ళి, భుజం ఆనించి కూర్మమ్మను తిరగేశాడు. నీడకి చేర్చి వాగునీళ్ళు తాగించాడు. "అత్తా, నా ఆట చివరిదాకా ఆడింది నువ్వొక్కతివే. తప్పైపోయింది. మూడో మలుపులో ఏముంది?"

"పైకప్పు రాలుతోంది నాయనా. నాకు వీపుమీద చిప్ప ఉంది కనక బతికాను. పిల్లలకేదీ?"

"అంతా అబద్ధం! నేను దిగి చూపిస్తా!" అంది నక్క. దండు ముందు పరువు పోతుందని దాని భయం. సోమన్న వద్దువద్దంటున్నా బొరియలోకి దూకింది.

లోపల దభీమని చప్పుడు. ఎర్రదుమ్ము పైకి లేచింది. "సోమన్న బావా! చచ్చానురా బావా!"

సోమన్న పక్కనుంచి తవ్వి, తోక పట్టుకుని బయటికి ఈడ్చాడు. నక్క దగ్గుతూ, కళ్ళలో మట్టి దులుపుకుంటూ తన దండు కోసం చూసింది. వాళ్ళప్పటికే వాగులో నొసళ్ళు కడుక్కుంటున్నారు.

పిల్లల ఆట వాయిదా పడింది. సోమన్న మూడో మలుపుకి కర్రలు ఆసరా పెట్టి, కూర్మమ్మ దగ్గరికొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఇప్పుడెన్ని, అత్తా?"

"ముందు ఆడనీ," అంటూ ఆమె నింపాదిగా బొరియలోకి దిగింది.

గుమ్మం దాటనివాడి పదికన్నా, చివరిదాకా నడిచినవాడి ఆరు మేలు.