తెగులు గడి

అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పడం చెన్నకేశవయ్యగారి అలవాటు కాదు. తన కళ్లముందు జరిగిన సంగతి ఏదో ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఆయన దగ్గర తోటల పని నేర్చుకున్న విశాలాక్షి ఒకనాడు సంచి నిండా కాగితాలతో వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అయ్యగారూ, నాలుగు ఊళ్ల రైతులు కలిసి ఒకే అర్జీ పెడితేనే ప్రభుత్వం గ్రాంటు ఇస్తానంటోంది. ఆ అర్జీ నేనే నింపుతున్నా. ఒకరి తోటలోని లోపం ఇంకొకరికి తెలిస్తే పొత్తు నిలవదు. దాచిపెట్టి కలపనా, చెప్పేసి విడగొట్టనా?"

ఆయన తాను బడిపంతులుగా ఉన్నప్పటి సంగతి చెప్పారు.

మిట్టపల్లె, ఏటిగడ్డ పక్కపక్క ఊళ్లు. రెండు చోట్లా అంజూర తోటలే. కోసిన పండు రెండో రోజుకే చెడిపోతుంది. ఎండబెట్టే షెడ్డు ఉంటే నిలవ ఉంటుంది. ఊరికి ఐదుగురికి తగ్గకుండా రెండు ఊళ్లూ కలిసి అడిగితే షెడ్డుకు గ్రాంటు ఇస్తామని ఉద్యాన శాఖ ప్రకటించింది. సరిగ్గా ఐదుగురు, ఐదుగురు కుదిరారు. గడువు చివరి రోజున పదిమందీ బడి వరండాలో చేరారు. జిల్లా ఆఫీసుకు వెళ్లే ఆఖరి బస్సు రెండు గంటలకు. పంతులుగారు అర్జీ నింపుతున్నారు. అన్నీ అయి, "తోటల్లో తెగులు ఉన్నదా?" అన్న గడి మిగిలింది.

"లేదని రాయండి సారూ" అన్నాడు మిట్టపల్లె పెద్ద పెన్నోబులేసు.

ఏటిగడ్డ నుంచి వచ్చిన మాబున్ని కొంగుముడి విప్పి ఒక ఆకు తీసి బల్ల మీద బోర్లా పెట్టింది. అడుగున తుప్పు రంగు పొడి. అందరికీ తెలిసిన తెగులే. గాలికి పాకుతుంది, ఆకంతా రాల్చేస్తుంది.

"ఆకు తీసి లోపల పెట్టమ్మా. అది రాస్తే అర్జీ తోసేస్తారు" అన్నాడు పెన్నోబులేసు.

"నా పండూ మీ పండూ ఒకే షెడ్డులో ఆరుతుందన్నా. నా బుట్టలతోపాటు ఇది మీ తోటలకూ వస్తుంది. అప్పుడు మీరొచ్చి అడిగితే నేనేం చెప్పాలి?"

మిట్టపల్లె వాళ్లలో ఒకడు ఆమె పేరు కొట్టేయమన్నాడు. కొట్టేస్తే ఏటిగడ్డకు నలుగురే మిగులుతారు, అర్జీ చెల్లదు. ఏటిగడ్డ వాళ్లు ఆమెను కసురుకున్నారు. వాళ్ల కళ్లలో కోపం కన్నా భయమే ఎక్కువగా కనిపించిందట పంతులుగారికి. టైము ఒంటిగంటన్నర దాటింది. మాబున్ని మాత్రం కదలలేదు.

"ఊరి పేరు వద్దు సారూ. నా ఒక్కదాని పేరే రాయండి. తెగులు నా తోటలోనే ఉందని రాయండి."

పంతులుగారు కలం ఆనించబోయారు. పెన్నోబులేసు బల్ల మీదికి వంగి ఆ గడి మీద అరచెయ్యి పెట్టాడు. చింపేస్తాడేమోనని పంతులుగారు కాగితాన్ని గట్టిగా పట్టుకున్నారు. అతను చింపలేదు.

"ఆ యమ్మ ఒక్కదాని పేరే రాయొద్దు" అన్నాడు తల వంచుకునే. "నా తోటలో ఆరు చెట్లకుంది. పోయిన నెల నుంచీ రాలినాకు ఎవరూ చూడకుండా తగలబెట్టుకుంటా ఉన్నా."

వెనక నుంచి ఒక గొంతు తనకు రెండు చెట్లంది. ఇంకొకరు నాలుగన్నారు. ఆ గడి చాలక పంతులుగారు వేరే కాగితం జతచేశారు. పది పేర్లలో ఏడు ఆ కాగితం మీదికి చేరాయి. బస్సు కదులుతుండగా పెన్నోబులేసు అర్జీతో పరుగెత్తి ఎక్కాడు.

అక్కడికి చెప్పి ఆయన ఆగారు. విశాలాక్షి ఉండబట్టలేక అడిగింది. "గ్రాంటు వచ్చిందా అయ్యగారూ?"

"ఆ ఏటికి రాలేదు. మరుసటి ఏడు మళ్లీ పెడితే వచ్చింది. అది అలా ఉంచు" అన్నారు ఆయన. "మర్నాడు పొద్దున పదిమందీ రాలినాకు ఏరడానికి దిగారు. ముందు ఎవరి తోటలో ఏరాలన్న మాటే రాలేదమ్మా."