ముప్పై పొరల పరీక్ష

మనుషుల కంటే మామిడి చెట్లే ఎక్కువున్న ఒకానొక రాజ్యాన్ని రణధీరవర్మ అనే రాజు ఏలేవాడు. మంచివాడే. కాకపోతే తనకు తెలియనిది లోకంలో ఒకటుందంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

ఒక వైశాఖంలో ఆయనకు గొప్ప ఆలోచన వచ్చింది. రాజ్యంలో ఊరికో రుచి ఉంది. ఒక ఊళ్ళో పూతరేకులు, ఒక ఊళ్ళో బెల్లం గవ్వలు, ఇంకో ఊళ్ళో జున్ను. అవి చేసేవాళ్ళకు కోట నుంచి సాయం అందాలనుకున్నాడు. కుండలు, చాపలు, కట్టెలు, ఎవరికి ఏది కావాలంటే అది.

అంతవరకు బాగానే ఉంది. కానీ చాటింపు చివర ఒక మాట చేర్చాడు. "సరుకు మొదటి నుంచి చివరిదాకా మా కళ్ళముందే తయారు కావాలి. అయ్యాకే సాయం."

"ఈ మెలిక ఎందుకు ప్రభూ?" అని అడిగాడు బుచ్చన్న. ఆస్థానంలో రాజుకు ఎదురు ప్రశ్న వేసి కూడా ఉద్యోగం నిలుపుకున్నవాడు అతనొక్కడే.

"ఎవరైనా సంతలో కొని తెచ్చి 'మేమే చేశాం' అంటే? మా కళ్ళను తప్ప మేము ఎవరినీ నమ్మం."

పూతరేకులామె రెండు ఘడియల్లో చేసి చూపించి కుండలు పట్టుకుపోయింది. గవ్వలవాళ్ళు మధ్యాహ్నానికి ముగించారు. అన్నీ తానే నేర్పినట్టు రాజు తల పంకించాడు.

మూడోరోజు తోటవలస నుంచి పైడమ్మ అనే ముసలామె వచ్చింది. నెత్తిన మామిడిపళ్ళ బుట్ట, చంకలో ఒక పాత చాప.

"ఏం చేస్తావు?"

"తాండ్ర మారాజా. పన్నెండు చాపలుండేవి. నిరుటి వానకు పదకొండు కుళ్ళిపోనాయి. ఈ ఒక్క చాపతో తోట పళ్ళు తీరవు, చెట్టుకిందే మగ్గి పాడైపోతాయి. చాపలిప్పిస్తే గట్టెక్కుతాను. లేదంటే చెట్లు అమ్ముకుని ఊరు వదిలెయ్యడమే."

"ఇస్తాం. ముందు చేసి చూపించు. మా భోజనంవేళకు అయిపోతుందా?"

పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏ రోజు భోజనానికి బాబూ? రోజుకో పొర పుయ్యాల. అది ఎండితేనే మర్నాడు దానిమీద ఇంకోటి. ముప్పై పొరలు. వచ్చే నెల ఇదే రోజుకవుతుంది."

తాండ్రను మూకుట్లో వండుతారని రాజు ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆ మాట పైకి అనలేక కోపం తెచ్చుకున్నాడు.

"నెలరోజులు మేము కూర్చోవాలా? పంపెయ్యండి ఈమెను!"

"చిత్తం ప్రభూ, పంపేద్దాం" అన్నాడు బుచ్చన్న. "మళ్ళీ చాటింపు కూడా వేయిద్దాం. చివరిదాకా చూస్తామన్న రాజుగారు మొదట్లోనే లేచిపోయారు, పరీక్షలో ముసలమ్మ నిలిచింది, ప్రభువులు తప్పారు అని."

"మేము తప్పడమా!" రాజు మీసం అదిరింది. "పరచండి చాప!"

కోట ముంగిట్లో చాప పరిచారు. పైడమ్మ రసం తీసి, బెల్లం కలిపి, అరచేత్తో పలచగా పూసింది. పక్కనే ఆసనం మీద రాజు, ఆయన మీద తెల్లగొడుగు. గొడుగు నీడ సగం చాప మీద పడింది.

"గొడుగు తియ్యమను బాబూ. నీడ పడితే పొర ఎండదు."

"లేదా ప్రభువులే దూరం జరగవచ్చు. అక్కణ్ణుంచి ఈగ వాలినా కనపడదు, అంతే" అన్నాడు బుచ్చన్న.

గొడుగు ముడిచారు.

మొదటిరోజు రాజు చెమటతో తడిసిపోయాడు. రెండోరోజు మధ్యాహ్నం పైడమ్మ ఆయన చేతికి ముంతెడు మజ్జిగ ఇచ్చి, అడక్కుండానే తలమీద తడిగుడ్డ వేసింది.

"తల మాడిపోతంది నాయనా. ఆ కిరీటం పక్కన పెట్టు."

తల్లి పోయాక ఆయనను అలా పిలిచినవాళ్ళు లేరు. కోపం తెచ్చుకోబోయాడు గానీ రాలేదు. కిరీటం తీసి పక్కన పెట్టాడు.

మూడోరోజు, భటులు కాకుల్ని సరిగ్గా తోలడం లేదని వేపమండ తానే పట్టుకున్నాడు. అయిదోరోజు, "ఇవాళ్టి పొర నిన్నటికంటే దళసరిగా లేదూ?" అని అడిగాడు.

"ఓయమ్మ! పసిగట్టీసినావే!" అని పైడమ్మ మురిసిపోయింది.

ఏడోరోజు ఆమె బావి దగ్గర గుడ్డ ఉతుక్కుంటుండగా తూర్పున మబ్బు లేచింది. టపటపా రెండు చినుకులు పడ్డాయి.

"ఏడు పొరలు! ఎత్తండిరా!" అని అరిచి రాజే ముందు దూకాడు. ఒక కొస ఆయన, ఒక కొస బుచ్చన్న పట్టుకుని సభలోకి పరుగెత్తారు. పరచడానికి తడిలేని ఎత్తైన చోటు ఒక్కటే కనిపించింది. సింహాసనం చేతుల మీద చాప పరిచారు. బయట కుండపోత.

పైడమ్మ తడిసి ముద్దై వచ్చింది. రాజు వంక చూడనైనా చూడలేదు. చాప అంచు వేలితో తడిమి, "తడవలేదు" అని అక్కడే కూలబడింది.

రాజు ఇంకా రొప్పుతూనే ఉన్నాడు.

"ఒక్క చాప, ఏడు పొరలు ప్రభూ" అన్నాడు బుచ్చన్న మెల్లగా. "దగ్గరలోనే సభ ఉంది, చుట్టూ ఇరవైమంది భటులున్నారు. అయినా తమ గుండె కొట్టుకోవడం నాకిక్కడికి వినిపిస్తోంది. ఆమెవి పన్నెండు చాపలు. పన్నెండు ముప్పైలు మూడువందల అరవై పొరలు. చేతులు మాత్రం రెండే."

రాజు తానూ చాప అంచును వేలితో తడిమి చూశాడు. తర్వాత, "పని అయ్యాకే సాయం అన్నాం కదూ..." అని గొణిగాడు.

"తాండ్ర అయిపోయినాక నాకు చాపెందుకు బాబూ? అప్పుడు తినడానికి నోరుంటే చాలు" అంది పైడమ్మ.

రాజు పకపకా నవ్వాడు. సభ మొత్తం మారుమోగేలా నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ మాట మొదటిరోజే చెప్పొచ్చు కదయ్యా బుచ్చన్నా!"

"తమ కళ్ళను తప్ప ఎవరినీ నమ్మం అన్నారు ప్రభూ. అందుకే వాటితోనే చెప్పించాను."

రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు. ఇకపై పని మొదలుకాకముందే సాయం అందాలనీ, తాండ్ర చేసే ప్రతి ఊళ్ళో చాపలు దాచుకోవడానికి ఒక పెద్ద పాక వేయించాలనీ అప్పటికప్పుడే ఆజ్ఞ రాయించాడు. కొత్త చాపలు పదకొండు బండికెక్కించారు.

"ఇవాళే బయలుదేరమ్మా, అక్కడ పళ్ళు రాలిపోతుంటాయి" అన్నాడు.

"మరి ఈ చాప? ఇంకా ఇరవైమూడు పొరలుండిపోనాయి కదా బాబూ!"

"మేమున్నాం" అంటూ రాజు చేతులకున్న కంకణాలు తీసి పక్కన పెట్టాడు.

పైడమ్మ ఆయన అరచేతులు తిప్పి చూసి, తన కొంగుతో తుడిచింది.

"పలచగా పుయ్యాల నాయనా. ఆత్రపడకు" అని చెప్పి బండెక్కింది.